దగ్గు లేని నెమ్ము: ఉప్పల్, నాచారం వైద్యుల సంవాదం

ఊపిరితిత్తులలోని వాయుగోణులు, అంటే పీల్చిన గాలి చివరికి చేరే అతి చిన్న గాలి గదులు, సూక్ష్మజీవుల దాడికి వాచి చీముతోనో నీటితోనో నిండిపోయే జబ్బును వైద్యులు న్యుమోనియా అంటారు. హైదరాబాదు తూర్పు అంచున ఉన్న ఉప్పల్, నాచారం బస్తీలలో తల్లులు నెమ్ము చేసిందంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2019లో ఈ జబ్బు 7,40,180 మంది అయిదేళ్ల లోపు పిల్లలను బలిగొన్నది. ఆ ఏడాది ఆ వయసు పిల్లల మరణాలలో ఇది 14 శాతం. దగ్గు, జ్వరం, ఆయాసం మూడూ కలిసివచ్చిన నెమ్మును పోల్చుకోవడం పెద్ద విద్య కాదు. చిక్కంతా కడుపునొప్పి రూపంలోనో, వాంతుల రూపంలోనో, ఫిట్స్ రూపంలోనో, మెడ బిగుసుకుపోవడంగానో, మరీ పసివాళ్లలోనైతే పాలు తాగకపోవడంగానో బయటపడే నెమ్ముతోనే వస్తుంది. అటువంటి పిల్లవాడిని పట్టుకోవడం ఎలా అన్న విషయంలో వైద్యులలో రెండు పక్షాలు ఉన్నాయి.

ఈ సంవాదంలో మాట్లాడే ఇద్దరూ ఫలానా వ్యక్తులు కారు, ఆ రెండు పక్షాలకు ప్రతినిధులు మాత్రమే. ఒకరు నాచారం పారిశ్రామికవాడను ఆనుకొని పిల్లల క్లినిక్ నడిపే వయసు మళ్లిన వైద్యుడు. రోగ లక్షణాలు ఇంతగా మోసం చేస్తున్నప్పుడు కారణం తెలియని జ్వరం ఉన్న ప్రతి పిల్లవాడికీ ఛాతీ ఎక్స్‌రే తీయించవలసిందే అన్నది ఆయన వాదం. రెండవవారు ఉప్పల్‌లోని పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసే యువ వైద్యాధికారిణి. ఒక నిమిషం శ్వాస లెక్కపెట్టగలిగిన మనిషికి ఎక్స్‌రేతో పని చాలా అరుదన్నది ఆమె వాదం.

నాచారం వైద్యుడు: డాక్టరమ్మా, నాలుగేళ్ల పిల్లవాడు రాత్రి నుంచి జ్వరంతో ఉండి, రెండుసార్లు వాంతి చేసుకొని, ఎక్కడ నొప్పిరా అంటే బొడ్డుకు కుడివైపు కింద చెయ్యి పెట్టి చూపిస్తాడు. దగ్గు లేదు, జలుబు లేదు. చూసినవారందరి మనసూ అపెండిసైటిస్ మీదికే పోతుంది. కడుపు స్కానింగ్ అంటారు, సర్జన్ అంటారు. అసలు జబ్బు కుడి ఊపిరితిత్తి కింది తమ్మెలో ఉంటుంది. ఊపిరితిత్తిని కప్పి ఉంచే ప్లూరా అనే పలుచని పొర వాచినప్పుడు ఆ బాధను మోసే కింది పక్కటెముకల నడుమ నరాలే పొట్ట గోడకూ వెళ్తాయి కాబట్టి, కబురు ఎక్కడినుంచి వచ్చిందో మెదడుకు తెలియక పొట్టలో నొప్పిగా లెక్క వేసుకుంటుంది. ఛాతీకీ పొట్టకూ నడుమ ఉండే డయాఫ్రం అనే కండర పటలం మధ్యభాగం వాస్తే నొప్పి భుజానికి ఎక్కుతుంది. పై తమ్మెలో నెమ్ము చేస్తే మెడ బిగుసుకుపోయి మెదడు పొరల వాపేమోనని నడుములో సూది వేసి నీరు తీసేదాకా పోతుంది. ఛాతీలో ఉన్న జబ్బు ఛాతీని తప్ప మిగతా అన్ని చోట్లనూ చూపించేటప్పుడు, ఛాతీ లోపలికి చూసే సాధనాన్ని వద్దనడం ఏం న్యాయం?

ఉప్పల్ వైద్యాధికారిణి: సార్, ఆ పిల్లవాడిని పడుకోబెట్టి పొట్ట మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచితే సగం సంగతి అక్కడే తేలుతుంది. అపెండిసైటిస్‌లో సాధారణంగా నొప్పి ముందు, వాంతి తరువాత, జ్వరం ఆ తరువాత కొద్దికొద్దిగా వస్తాయి. నెమ్ములో మొదటి గంటల నుంచే ఒళ్లు కాలిపోతుంది. అపెండిసైటిస్‌లో పొట్ట ఊపిరితో పని లేకుండా బిగిసే ఉంటుంది. నెమ్ములో పిల్లవాడి ఊపిరితో పాటే చేతికింద పొట్ట కాసేపు మెత్తబడుతుంది, మళ్లీ బిగుసుకుంటుంది. ఊపిరి వదిలినప్పుడల్లా సన్నగా మూలుగు వినపడితే, అది నొప్పితో మూలగడం కాదు. మూసుకుపోతున్న గాలి గదులను తెరిచి ఉంచడానికి గొంతును సగం బిగించి గాలి వదలడం. ఇవేవీ తెలియకపోయినా, ఆ పిల్లవాడి శ్వాస నిమిషానికి 52 వచ్చిందంటే చాలు, కడుపును వదిలి ఛాతీ సంగతి చూడాలని అర్థం.

ఈ లెక్క ఎంత సులువుగా కనిపిస్తుందో అంత సులువుగా చెడిపోతుంది కనుక దాని పద్ధతిని ఇక్కడే చెప్పుకోవడం మంచిది. పిల్లవాడిని తల్లి ఒళ్లోనే ఉంచి, చొక్కా పైకెత్తి, ఛాతీ పొట్టతో కలిసేచోట చూపు నిలపాలి. పైకి లేచిన ప్రతిసారీ ఒకటి. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్కపెట్టకూడదు. పసిపిల్లల ఊపిరి కాసేపు వడిగా, కాసేపు మెల్లగా నడుస్తుంది కాబట్టి అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయడం తప్పు. గడియారం చూస్తూ పూర్తి నిమిషం లెక్కించాలి. రెండు నెలల లోపు పసికందుకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40 వచ్చినా, అంతకు మించినా వేగమే. అదే చూపులో కింది పక్కటెముకలు ఊపిరి పీల్చినప్పుడు లోపలికి పోతున్నాయేమో గమనించాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడి ఛాతీ ఆ క్షణంలో బయటికి రావాలి. బస్తీ తల్లులు డొక్కలు ఎగరేస్తున్నాడని చెప్పేది దాదాపు ఎప్పుడూ నిజమే అవుతుంది, దానిని పక్కన పెట్టిన వైద్యుడు తరువాత చింతించవలసి వస్తుంది.

ఉప్పల్ వైద్యాధికారిణి: ఈ అంకెలు గాలిలోంచి పుట్టలేదు. 1980లలో పాపువా న్యూగినీలోని గొరోకాలో ఫ్రాంక్ షాన్ శ్వాస వేగాన్ని నెమ్ముకు గుర్తుగా నిలబెట్టారు. మన చిత్తూరు సరిహద్దు దాటితే వచ్చే వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో థామస్ చెరియన్ బృందం వయసును బట్టి ఆ హద్దు మారాలని 1988లో లాన్సెట్ పత్రికలో చూపింది. ప్రాణహిత దాటితే వచ్చే గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు గ్రామ కార్యకర్తలకు, మంత్రసానులకు సైతం ఈ విద్య నేర్పి, యాంటీబయాటిక్ మందును వారి చేతికే ఇచ్చి నెమ్ము మరణాలను గణనీయంగా తగ్గించగలిగారు. లెక్క రానివారి కోసం పూసలు జరిపి శ్వాసను కొలిచే సాధనాన్ని కూడా అక్కడే తయారుచేశారు. ఎక్స్‌రే యంత్రం మొహం చూడని ఊళ్లలో సాధ్యమైనది, మెట్రో రైలు దిగితే వచ్చే ఉప్పల్‌లో చాలదంటే ఎలా?

నాచారం వైద్యుడు: మీరు చెప్పిన వెల్లూరు పరిశీలనలోనే అసలు మెలిక ఉంది. అక్కడ పోల్చి చూసింది ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారినీ, మామూలు జలుబు, దగ్గు ఉన్నవారినీ. అంటే దగ్గుతోనో జలుబుతోనో వచ్చిన పిల్లలలో నెమ్మును విడదీయడానికి పుట్టిన కొలబద్ద అది. దానినే ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి రూపొందించిన సమగ్ర చికిత్సా విధానంలోనూ, నవజాత శిశువులను కలుపుకొని మన దేశం ఐఎంఎన్‌సీఐ పేరుతో చేసుకున్న రూపంలోనూ పెట్టారు. మీ గది గోడ మీద చార్టు చూడండి. ముందుగా ప్రమాద సూచనలు: పాలు, నీళ్లు తాగలేకపోవడం, తిన్నదంతా కక్కేయడం, ఫిట్స్, మత్తుగా పడి ఉండటం. ఆ తరువాతి ప్రశ్న: దగ్గు గానీ ఊపిరి ఇబ్బంది గానీ ఉందా? ఉందంటేనే శ్వాస లెక్కపెట్టాలి. లేదంటే చార్టు విరేచనాల మీదికి, జ్వరం మీదికి, చెవి మీదికి వెళ్లిపోతుంది. కడుపునొప్పి అన్న నా నాలుగేళ్ల పిల్లవాడి శ్వాస 52 అని మీరు అంత ధీమాగా చెప్పారే, మీ చార్టు ప్రకారమైతే ఆ శ్వాసను ఎవరూ లెక్కే పెట్టరు. తలుపు దగ్గరే ఆపేసిన మనిషిని లోపల గుర్తుపట్టగలమనడం లాంటిది మీ వాదం.

ఈ దెబ్బ గట్టిదే. వైద్యాధికారిణి పక్షం ఇంతవరకు శ్వాస లెక్క ఎంత నమ్మదగినదో నిరూపించింది తప్ప, ఆ లెక్క ఎవరికి దక్కుతుందన్నది చూడలేదు.

నాచారం వైద్యుడు: ఇంకొక మాట. దగ్గు అనేది మన ప్రాంతంలో గుర్తుగా పనికిరాకుండా పోయింది. ఫ్యాక్టరీల పొగ ఒకవైపు, ఏళ్ల తరబడి సాగుతున్న ఉప్పల్, నారపల్లి ఎత్తు వంతెన పనుల దుమ్ము మరొకవైపు, దగ్గని పిల్లవాడు దొరకడం కష్టం. నెమ్ము లేనివాడు దగ్గుతాడు, నెమ్ము ఉన్నవాడు మొదటి రెండు రోజులు దగ్గకపోవచ్చు. గాలి గదులలో దగ్గును పుట్టించే నరాల కొసలు తక్కువ కనుక, జబ్బు పెద్ద గొట్టాలలోకి ఎక్కేదాకా దగ్గు మొదలుకాకపోవచ్చు. అటువంటి లక్షణం చేతిలో నిర్ణయం పెట్టకూడదు.

ఉప్పల్ వైద్యాధికారిణి: దగ్గు ప్రశ్న తీసివేసి జ్వరం ఉన్న ప్రతివారికీ లెక్కపెడితే మరో ప్రమాదం ఉంది సార్. జ్వరం ఎక్కితే ఊపిరి వేగమూ పెరుగుతుంది, ఏడిస్తే పెరుగుతుంది, ఉబ్బసంలో పెరుగుతుంది. వేగం కనిపించిన ప్రతివారికీ అమోక్సిసిలిన్ రాస్తూ పోతే, మందులకు లొంగని సూక్ష్మజీవులను మనమే పెంచినవాళ్లమవుతాం. ఆ పని ఇప్పటికే మెడికల్ షాపుల కౌంటర్ల మీద కావలసినంత జరుగుతోంది.

నాచారం వైద్యుడు: దానికి మందు మీ చార్టులోనే ఉంది. రెండు నెలల లోపు పసికందు ఏ బాధతో వచ్చినా సరే, దగ్గు ఉందా లేదా అని అడగకుండా శ్వాస లెక్కపెట్టమనీ, 60 వచ్చినా, అంతకు మించినా మళ్లీ ఒకసారి లెక్కపెట్టమనీ అక్కడ రాసి ఉంది. అంత చిన్నవాళ్లు జబ్బు చేసినా దగ్గకపోవచ్చు. నాలుగేళ్లవాడు కూడా దగ్గకపోవచ్చని తెలిసినప్పుడు ఆ నియమం రెండు నెలల దగ్గర ఎందుకు ఆగిపోవాలి? జ్వరం తగ్గడానికి పారాసిటమాల్ ఇచ్చి, పిల్లవాడు కుదుటపడ్డాక రెండోసారి లెక్కపెట్టండి. పిల్లికూతలు వినిపిస్తే శ్వాసనాళాలు విప్పే మందు పీల్పించి మళ్లీ లెక్కపెట్టండి. అప్పటికీ తగ్గకపోతే మందు రాయండి.

వాదం ఇక్కడితో ముగిసి ఉంటే నాచారం పక్షం గెలిచిందనే చెప్పాలి. కాని ఆయన అసలు కోరిక శ్వాస లెక్కను విస్తరించడం కాదు, ఎక్స్‌రే. దానికి ఆయన చూపే ఆధారం 1999లో బోస్టన్‌లో వెలువడిన రిచర్డ్ బేచర్ బృందపు పరిశీలన. అయిదేళ్ల లోపు వయసుండి, 39 డిగ్రీల సెల్సియస్ మించిన జ్వరమూ, ఘన మిల్లీమీటరు రక్తంలో 20,000కు మించిన తెల్ల కణాలూ ఉన్న పిల్లలలో, ఛాతీ జబ్బు గుర్తు ఒక్కటీ లేనివారికి ఎక్స్‌రే తీసినప్పుడు ప్రతి నలుగురిలో సుమారు ఒకరికి నెమ్ము కనిపించింది. శ్వాస లెక్క కూడా మామూలుగానే ఉండి దాక్కునే ఇటువంటి నెమ్మును వైద్య గ్రంథాలు గూఢ న్యుమోనియా అంటాయి.

ఉప్పల్ వైద్యాధికారిణి: ఆ పిల్లలు ప్రతి జ్వరం పిల్లవాడికీ ప్రతినిధులు కారు సార్, అధిక జ్వరం, తెల్ల కణాల పెరుగుదల రెండూ కలిసినవారు. పైగా అది న్యుమోకోకస్ అనే నెమ్ము సూక్ష్మజీవికి టీకా రాకముందు మాట. టీకా అందరికీ అందిన తరువాత అదే బోస్టన్‌లో ఆ వాటా తగ్గింది. మన దేశంలో ఆ టీకా 2017లో కొన్ని రాష్ట్రాలలో మొదలై 2021లో దేశమంతటికీ వచ్చింది. 6 వారాలకు, 14 వారాలకు, 9వ నెలలో ఉచితంగా వేస్తున్నాం. ఇక ఎక్స్‌రే సంగతి. ఏడుస్తున్న పసిబిడ్డను ఇద్దరు పట్టుకొని ఫిల్మ్ తీస్తే, అది ఊపిరి వదిలిన క్షణంలో పడుతుంది; అప్పుడు ఆరోగ్యమైన ఊపిరితిత్తులూ తెల్లగా, నెమ్ము చేసినట్టే కనిపిస్తాయి. రెండేళ్ల లోపువారిలో గుండె పైన ఉండే థైమస్ గ్రంథి తెరచాప ఆకారంలో నీడ వేస్తుంది. దానిని జబ్బు అనుకొని నెలల తరబడి చికిత్స చేసిన సందర్భాలు ఉన్నాయి. ఊపిరితిత్తి మొదలు దగ్గర కొంచెం తెల్లగా కనిపిస్తే చాలు, కఫం పరీక్ష లేదు, కడుపులోని ద్రవం తీసి చేసే పరీక్ష లేదు, ప్రైమరీ కాంప్లెక్స్ అని పేరు పెట్టి ఆరు నెలల క్షయ మందులు మింగించడం ఈ నగరంలో ఎంత మామూలు విషయమో మీకు తెలియనిది కాదు.

నాచారం వైద్యుడు: చదవడం రానివాడి తప్పును ఫిల్మ్ మీదికి నెట్టకండి.

ఉప్పల్ వైద్యాధికారిణి: చదవడం వచ్చినవారినీ గుండ్రటి న్యుమోనియా తికమక పెడుతుంది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలలో పక్కపక్క గాలి గదులను కలిపే సన్నని దారులు ఇంకా ఏర్పడి ఉండవు. అందువల్ల చీము పక్కలకు పాకలేక ఒకేచోట బంతిలా గట్టిపడి, ఫిల్మ్ మీద అచ్చం కణితిలా కనిపిస్తుంది. యాంటీబయాటిక్ పూర్తిగా వాడి కొన్ని వారాల తరువాత మరో ఫిల్మ్ తీస్తే మాయమయ్యేదానికి, ఆ రాత్రే సీటీ స్కాన్, క్యాన్సర్ ఆసుపత్రి అని తల్లిదండ్రులను పరుగులు పెట్టిస్తారు. మరో సంగతి, జబ్బు మొదటి రోజు ఫిల్మ్ శుభ్రంగా ఉండవచ్చు. రెండు రోజుల తరువాత మళ్లీ చూస్తే దాగినది బయటపడుతుంది. శుభ్రమైన ఫిల్మ్ చేతిలో ఉన్న వైద్యుడు పిల్లవాడిని మళ్లీ చూడడు, ఎక్స్‌రేతో అసలు నష్టం అదే. ఇంటికి పంపదగిన పిల్లలకు మామూలుగా ఎక్స్‌రే అక్కర్లేదని 2011లో అమెరికా, బ్రిటన్ నిపుణుల మార్గదర్శకాలు రెండూ చెప్పాయి.

వైద్యాధికారిణి ఈ దశలో తన వాదానికి బలమైన ఉదాహరణను పల్లీ గింజలో చూపింది. ఏడాది, రెండేళ్ల పిల్లవాడు పల్లీ తింటూనో, సీతాఫలాల కాలంలో గింజ నోట్లో పెట్టుకునో ఆడుతూ ఉండగా అది శ్వాసనాళంలోకి జారితే, ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరై దగ్గి, కాసేపటికి తేరుకుంటాడు. పొలమారిందని, ఎవరో తలుచుకుంటున్నారని పెద్దవాళ్లు నెత్తిమీద తట్టి మరిచిపోతారు. గింజ మాత్రం లోపలే, ఎక్కువగా కుడివైపు గొట్టంలో ఉండి, తడికి ఉబ్బి, దాని దిగువన మళ్లీ మళ్లీ నెమ్ము పుట్టిస్తుంది. మందు వాడితే తగ్గుతుంది, ఆపితే అదే చోట తిరగబెడుతుంది. పల్లీగానీ సీతాఫలం గింజగానీ ఎక్స్‌రేలో కనిపించవు. దానిని బయటపెట్టేది వారాల కిందటి సంగతిని తవ్వి తీసే ఒక ప్రశ్న: ఎప్పుడైనా గట్టిగా పొలమారిందా? ఆ ప్రశ్నకు అవునన్న జవాబు వస్తే, ఫిల్మ్ ఎలా ఉన్నా, శ్వాసనాళంలోకి గొట్టం పంపి చూసే బ్రాంకోస్కోపీ సౌకర్యం ఉన్న పెద్దాసుపత్రికి పంపవలసిందే. ఈ విషయంలో నాచారం వైద్యుడు ఎదురు చెప్పలేదు.

పసికందుల విషయానికి వచ్చేసరికి ఇద్దరి మధ్య దూరం ఇంకా తగ్గింది. నెల, రెండు నెలల బిడ్డలో నెమ్ము జ్వరం లేకుండానే రావచ్చు, ఒళ్లు చల్లబడటంగానూ కనిపించవచ్చు. ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ సోకినా, కోరింత దగ్గు సోకినా, దగ్గుకు బదులు ఊపిరే కొన్ని క్షణాలు ఆగి బిడ్డ నీలబడటం మొదటి గుర్తు కావచ్చు. కాన్పు సమయంలో తల్లి నుంచి సోకే క్లమీడియా అనే సూక్ష్మజీవి ఒకటి నుంచి మూడు నెలల వయసులో జ్వరం లేని నెమ్మును తెస్తుంది. అంతకుముందు కళ్లు పుసులు కట్టి ఉండటం దానికి ఆనవాలు. బాగా పోషకాహార లోపం ఉన్న పిల్లలలో జ్వరం పుట్టించే శక్తీ, డొక్కలు ఎగరేసే కండబలమూ తగ్గిపోవడం వల్ల నెమ్ము నిశ్శబ్దంగా ముదురుతుంది.

ఉప్పల్ వైద్యాధికారిణి: నూనె సంగతి కూడా చెప్పాలి సార్. కాళ్లు చాపుకొని, బిడ్డను ముంగాళ్ల మీద పడుకోబెట్టి, నలుగు పెట్టి నీళ్లు పోశాక ముక్కులో రెండు చుక్కల నూనె వేయడం ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. నీళ్లు దారి తప్పితే బిడ్డ దగ్గుతుంది. నూనె గొంతును గిల్లదు కాబట్టి దగ్గు రాకుండానే ఊపిరితిత్తులలోకి జారి, అక్కడ పేరుకుని, ఏ యాంటీబయాటిక్‌కూ లొంగని నెమ్ముగా మారుతుంది. ఒళ్లంతా నూనె పట్టించినందువల్ల బిడ్డకు వచ్చిన నష్టమేమీ లేదు, ముక్కులో చుక్క మాత్రం మానుకోవాలి. స్నానం తరువాత వేసే సాంబ్రాణి పొగ కూడా అంతే.

నాచారం వైద్యుడు: అదంతా ఒప్పుకున్నాను. కాని మీ పద్ధతి అంతా మళ్లీ రండి అనే మాట మీద నిలబడి ఉంది. రెండు రోజుల తరువాత మళ్లీ చూస్తే దాగినది బయటపడుతుందంటారు. ఫ్యాక్టరీలో రోజు కూలికి పనిచేసే తండ్రి, బిహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చి పక్కింటివారి పేరు కూడా తెలియని తల్లి. ఇవాళ ఒక పూట పోగొట్టుకొని వచ్చారు, ఎల్లుండి మరో పూట పోగొట్టుకొని రారు. అటువంటివారి విషయంలో చూడవలసినదంతా ఇవాళే చూడాలి. అందుకే ఎక్స్‌రే.

ఇది వైద్యశాస్త్రం ఇచ్చిన వాదం కాదు, నాచారం ఇచ్చిన వాదం. దీనికి పుస్తకాలలో జవాబు దొరకదు. వైద్యాధికారిణి ఇచ్చిన జవాబు కూడా సగమే నిలుస్తుంది: వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సీమీటరును, నెమ్ము మరణాలను తగ్గించడానికి 2019 నవంబరులో కేంద్రం మొదలుపెట్టిన సాన్స్ కార్యక్రమం కింది స్థాయి కేంద్రాలకు కూడా సూచించిందనీ, 90 శాతం కంటే తగ్గితే మరుసటి రోజు కోసం ఆగకుండా నీలోఫర్ ఆసుపత్రికో గాంధీ ఆసుపత్రికో పంపవచ్చనీ, మిగిలినవారి ఇళ్లకు ఆశా కార్యకర్త వెళ్లి చూడవచ్చనీ ఆమె అన్నది. గూఢమైన నెమ్ములో ఆక్సిజన్ మామూలుగానే ఉండవచ్చు. ఆశా కార్యకర్త వెళ్లేసరికి అద్దెగది మారి ఉండవచ్చు. కనుక మళ్లీ రాలేనివారిలో, జ్వరం బాగా ఎక్కువగా ఉండి మూలం దొరకనివారికి ఆ రోజే ఎక్స్‌రే తీయడంలో తప్పు లేదు. ఆయన అడిగినట్టు అందరికీ తీయడం మాత్రం తప్పే. ఫిల్మ్ శుభ్రంగా ఉన్నదని చేతిలో పెట్టేటప్పుడు, పాలు మానినా, మూలిగినా, డొక్కలు ఎగరేసినా 108కు ఫోన్ చేయాలని ఆ తల్లికి తెలిసిన భాషలో, అది హిందీ అయినా ఒడియా అయినా, చెప్పించి పంపాలి.

ఎక్స్‌రే విషయంలో ఇద్దరూ పూర్తిగా కలవలేదు. దగ్గు అడిగిన తరువాతే శ్వాస లెక్క అన్న వరుస తప్పన్న విషయంలో మాత్రం వైద్యాధికారిణి తన పక్షాన్ని వదులుకొన్నది. జ్వరంతోగానీ, కడుపునొప్పితోగానీ, వాంతులతోగానీ, ఫిట్స్‌తోగానీ వచ్చిన అయిదేళ్ల లోపు ప్రతి పిల్లవాడికీ, దగ్గు ఉన్నా లేకున్నా, చొక్కా ఎత్తి ఒక నిమిషం శ్వాస లెక్కపెట్టాలన్న వాక్యాన్ని చార్టులో చేర్చవలసింది కేంద్ర ఆరోగ్య శాఖ. అది చేర్చేదాకా ఉప్పల్‌లోనూ నాచారంలోనూ లెక్కపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.